ఆరో ప్రశ్న

"నువ్వు రాసిన ఉత్తరానికే జవాబు. నువ్వే చదువుకో," అన్నాడు గంగాధరరావు. అన్నాడే కాని కవరు ఆమె చేతికివ్వలేదు. దిండు కింద దోపి, దాని మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నాగేశ్వరి మంచంకోడు పట్టుకుని నిలబడింది. నిన్న సాయంత్రం పోస్టుమాన్ వచ్చేసరికి ఆమె పెరట్లో ఉంది. వాకిట్లో ఉన్న ఇంటి యజమాని బ్రహ్మం ఆ కవరు అందుకుని, బందరు నుంచి వచ్చిందంటూ తిన్నగా గంగాధరరావుకే ఇచ్చాడు. రాత్రి ఆయన ఆ ఊసెత్తలేదు. ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరూ చెరో పక్కకి తిరిగి పడుకుని తెల్లవార్చారు.

బందరు డాక్టరు శ్రీరామమూర్తిగారు ఆమె తండ్రికి ప్రాణస్నేహితుడు. తండ్రి పోయినా ఆయన చనువు పోలేదు. ఏడు వారాలుగా గంగాధరరావు మంచం దిగకపోతే, ఈ గొడవల్లో హైదరాబాదులో ఆసుపత్రి గడప తొక్కనని మొండికేస్తే, ఉత్తరాల మీదే వైద్యం చెయ్యడానికి ఆ పెద్దమనిషి ఒప్పుకున్నాడు.

మొదటి రెండు ఉత్తరాలు గంగాధరరావు చెబుతుంటే ఆమె రాసింది. నిద్ర పట్టడం లేదని, నీరసమని, ఊళ్లో అల్లర్లకి మనసు దిగులుగా ఉందని. డాక్టరుగారు బలానికి టానిక్కు, నిద్రకి మాత్రలు పంపారు. సీసాలు ఖాళీ అయ్యాయి, మనిషి మాత్రం ఇంకా కుంగిపోయాడు. మూడో ఉత్తరం వంటింట్లో కూర్చుని ఆమె సొంతంగా రాసింది. కుడి చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారిపోవడం, పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి, మాట్లాడుతూ మాట్లాడుతూనే మగతలోకి జారుకోవడం, శుక్రవారంనాడు కాళ్లూ చేతులూ కొట్టుకుని పంచె తడిసిపోవడం, నిద్రలో "హరీ, హరీ" అంటూ భగవంతుణ్ణి తలుచుకోవడం, అన్నీ రాసింది.

అదే ఇప్పుడు నేరమై కూర్చుంది.

"పంచె సంగతి కూడా రాశావు," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే. "నా పరువు బందరు దాకా పోయింది."

ఆయన డాక్టరని ఆమె అంది. ఎవరైతేనేం, పరాయివాడేగా అని ఆయన అన్నాడు. ఫిట్స్ అన్న మాట ఆఫీసుకి చేరితే గుమాస్తాగిరీకి పనికిరాడని ఇంటికి పంపేస్తారని, ఇప్పటికే కోస్తావాళ్ల కుర్చీలు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని చూస్తున్నారని, అలాంటప్పుడు కాగితం మీద పెట్టే ప్రతి మాటా తన మెడకి చుట్టుకుంటుందని అన్నాడు. ఒక్కో వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఇదివరకు ఆయన కోపం వస్తే గోడలు అదిరేవి. ఇప్పుడు కోపానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. అది చూసి ఆమెకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

ఉత్తరం దానంతట అదే బయటికొచ్చింది. ఆయన ఒత్తిగిలగానే కవరు అంచు కనబడింది. ఆమె లాగింది. ఆయన వద్దనలేదు.

"చి.ల.సౌ. నాగేశ్వరికి ఆశీస్సులు," అని మొదలుపెట్టారు శ్రీరామమూర్తిగారు. "నీ ఉత్తరం చదివాక మొదటి రెంటినీ పక్కన పడేశాను. రోగి చెప్పేది వేరు, పక్కనున్నవాళ్లు చూసేది వేరు. నాకు రెండూ కావాలి. ఇంత దూరం నుంచి నేను నాడి పట్టుకోలేను, కనురెప్ప ఎత్తి చూడలేను. మీరు రాసే అక్షరాలే నాకు నాడి. కింది ప్రశ్నలకు ఇద్దరూ కూర్చుని జవాబులు రాయండి. సిగ్గుపడి దాచారో, నా వైద్యం గుడ్డివాడి చేతిలో కర్ర."

కింద వరసగా పదకొండు ప్రశ్నలు.

నాగేశ్వరి కాగితం, కలం తెచ్చుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంది. వీధివైపు కిటికీ మూసే ఉంది. ప్రత్యేక తెలంగాణ నినాదాలు మొదలైన రోజు మూసిన కిటికీ అది, మార్చి నుంచి తెరిచింది లేదు. ఆ నెల్లోనే బావగారు జోగారావు వచ్చి నాగేశ్వరి ఆరేళ్ల కూతురిని గుడివాడ తీసుకుపోయాడు. మీరూ వచ్చెయ్యండన్నాడు. ఉద్యోగం వదిలి ఎలా వస్తామని గంగాధరరావు అన్నాడు. ఇప్పుడు వెళదామన్నా రైళ్లు ఎప్పుడు నడుస్తాయో తెలీదు, ఎల్.బి. నగర్ కొత్త ప్లాట్లు దాటి బస్సు పోవడం లేదు. రెండు గదులు, ఓ వంటిల్లు, మూసిన కిటికీ. అంతే మిగిలింది వాళ్లకి.

మొదటి మూడు ప్రశ్నలకి ఆయన బాగానే చెప్పాడు. నాలుగోది పంచె గురించి. గోడవైపు తిరిగి, రాసుకో అన్నాడు. అయిదోది చేతి గురించి. చెయ్యి తిమ్మిరి కాదని, తనది కానట్టుందని అన్నాడు. ఆ మాట ఆమె ఉన్నదున్నట్టు రాసింది.

ఆరో ప్రశ్న ఆమె పైకి చదివింది. "గడచిన మూడు నెలల్లో తలకు దెబ్బ ఏదైనా తగిలిందా? తగిలితే ముందా, వెనకా? స్పృహ తప్పాడా, ఎంతసేపు? చెవిలోంచి గాని ముక్కులోంచి గాని రక్తం వచ్చిందా? దీనికి జవాబు అవునైతే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు. ఆ రోజే అక్కడి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లు. పైన మానినా లోపల నెత్తురు చేరుతూ ఉండవచ్చు. అది నేను పోస్టులో మందు పంపితే కరిగేది కాదు."

ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

"లేదు," అన్నాడు చివరికి. "లేదని రాయి."

కలం కదల్లేదు. ఏప్రిల్ నెలాఖర్లో ఓ సాయంత్రం ఆమెకి గుర్తొచ్చింది. మూసారాంబాగ్ దగ్గర సైకిలు జారిందని బ్రహ్మం తమ్ముడు హరిప్రసాద్ ఈయన్ని రిక్షాలో ఎక్కించుకుని తెచ్చాడు. మోచెయ్యి గీసుకుపోయి ఉంది. ఆమె దానికి పసుపు అద్దింది. కాని ఆ రోజు ఆయన తల తడిగా ఉంది. ఒంటి మీద చొక్కా ఆయనది కాదు, హరిప్రసాద్‌ది.

"తల ఎందుకు తడిసింది ఆ రోజు?" అని అడిగింది.

ఎండకి దిమ్మెక్కితే కుళాయి కింద పెట్టానన్నాడు.

"మీ చొక్కా ఏమైంది?"

"నాగూ." ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. "ఆ ఒక్కదానికి లేదని రాయి. ఉందని రాస్తే ఈ ఇల్లు నిలవదు."

"ఏ ఇల్లు? మనదా, వాళ్లదా?"

జవాబు కోసం చూసేసరికి ఆయన నిద్రలోకి జారిపోయాడు. మాటకీ నిద్రకీ మధ్య రెప్పపాటు కూడా లేదు.

ఆమె లేచి మంచం మీద కూర్చుని, ఆయన జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది. ఎడమ చెవి వెనక, కాస్త పైన, వేళ్లకి ఒక గట్టు తగిలింది. మానిన గాయం. నొక్కీ నొక్కకముందే ఆయన మూలిగాడు.

"హరీ," అన్నాడు నిద్రలోనే. "హరీ, మీ వదినకి చెప్పకు."

నాగేశ్వరి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆమెకు మొదటి మాటే వినబడింది. అది విని, పోనీలే, దేవుడే దిక్కని తలుచుకుంటున్నారనుకుంది. దేవుడికి వదిన ఎవరు?

పది కొట్టగానే కౌసల్య వచ్చింది. ఆమె బ్రహ్మం భార్య. ఈ ఇంటి కిరాయిదార్లకే కాదు, గల్లీ మొత్తానికి పెద్ద దిక్కు. పోచంపల్లి మగ్గాల దగ్గర్నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బట్టల దుకాణం పెట్టుకున్న కుటుంబం వాళ్లది. కర్ఫ్యూ పన్నెండు దాకా తీసేశారని, బ్రహ్మం దుకాణం చూసి రావడానికి పోయాడని, కూరగాయలేం తేవాలో చెప్పమని అడిగింది. బజార్లో నోరు విప్పితే యాస బయటపడుతుందని నాగేశ్వరి రెండు నెలలుగా గడప దాటడం లేదు. ఆమె బదులు బేరాలన్నీ కౌసల్యే చేసిపెడుతోంది.

"ఇంక నిద్రనేనా?" అంది కౌసల్య మంచం వంక చూసి. "గింతగనం పండుకునుడు ఏంది చెల్లె? మనిషి ఎట్లనో ఐపోయిండు. గా ఉత్తరాలు పక్కకు వెట్టి దవాఖానకు తీస్కపోరాదు? నేనొస్త. మా మరిది ఒస్తడు. ఎవ్వడేమంటడో నేను చూస్త."

మరిది ఎక్కడున్నాడని నాగేశ్వరి అడిగింది. వెనక గదిలో చీరల మూటలు సర్దుతున్నాడని, పదిహేను రోజులు పోచంపల్లిలో నూలు పని మీద ఉండి మొన్ననే వచ్చాడని, ఈ గొడవల్లోకి పోకుండా బుద్ధిగా ఉన్నది ఒక్క తన మరిదేనని కౌసల్య మురిసిపోతూ చెప్పింది. గల్లీ చివరింటి పిల్లవాణ్ణి మొన్న పోలీసులు పట్టుకుపోయారు. ఆ తల్లిని చూస్తే కడుపు తరుక్కుపోతోందట.

జనవరిలో నాగేశ్వరికి గర్భం పోయినప్పుడు మూడు రోజులు ఈ మనిషి తన పక్కనే కూర్చుంది. రక్తం బట్టలు తన చేత్తో ఉతికింది. ఆమె ముఖంలోకి చూడలేక, డాక్టరుగారి ఉత్తరం పట్టుకుని పెరట్లోకి నడిచింది.

హరిప్రసాద్ మూటకి తాడు కడుతున్నాడు. పాతికేళ్లవాడు. బి.ఏ. ప్యాసై రెండేళ్లయింది. ఆమెను చూసి లేచి, ఉత్తరం పోస్టు చెయ్యాలా అక్కా అని అడిగాడు. డాక్టరుగారికి రాసిన మొదటి రెండు ఉత్తరాలూ మలక్‌పేట దాకా సైకిలు మీద తీసుకుపోయి డబ్బాలో వేసింది వాడే.

"ఇది పోస్టు చేసేది కాదు. నువ్వు జవాబు చెప్పాల్సింది," అంది నాగేశ్వరి. ఆరో ప్రశ్న చదివింది. మొదటి ముక్క వదిలేసి రెండోదాని నుంచి చదివింది. "స్పృహ తప్పాడా, ఎంతసేపు? చెవిలోంచి రక్తం వచ్చిందా? ఇది ఆయనకి తెలిసే వీల్లేదు. పడిపోయినవాడికి ఏం తెలుస్తుంది. పక్కనున్నవాళ్లకే తెలియాలి."

వాడు తాడు వదిలేశాడు. మూట విప్పుకుని రెండు చీరలు కిందికి జారాయి. తీయలేదు.

"అర్ధగంట," అన్నాడు. "అర్ధగంట కంటె ఎక్కువనే. పోయిండనుకున్న. చెవుల నుంచి నెత్తురు ఒచ్చింది, ఎడమ చెవి నుంచి. నా రుమాలు పెట్టి అట్లనే పట్టుకున్న. తర్వాత నల్ల కింద కడిగిన."

"ఎవరు కొట్టారు?"

వాడు జారిన చీరల వంకే చూశాడు.

"బస్సుకు రాయి కొట్టిన అక్క. విజయవాడ బస్సు. అందరు కొడ్తున్నరు, నేను గుడ కొట్టిన. బస్సు పోయింది. దాని అవుతల సారు సైకిల్ మీద ఉన్నడు. నా నౌకరీ వేరేటోనికి పోయింది, ఈడనే పుట్టిన్నని దొంగ సర్టిఫికెట్ వెట్టి వాడు చేరిండు. గా మంట ఉంటుండె కడుపుల. సారు మీద నాకేముంటది? పండుగకు నాకు అంగీ గుడ్డ వెట్టిన మనిషి."

నాగేశ్వరి గోడకి చెయ్యి ఆనించింది. కొట్టాలనిపించింది. అరవాలనిపించింది. అరిస్తే రెండు గదుల అవతల కౌసల్య ఉంది.

"ఏడు వారాలు," అంది చాలా నెమ్మదిగా. "ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయనకి మజ్జిగ తెచ్చిచ్చావు. నీరసమని రాసిన ఉత్తరాలు నువ్వే తీసుకెళ్లి డబ్బాలో వేశావు. ఒక్కనాడు నాతో చెప్పి ఉంటే ఆ డాక్టరు అప్పుడే చెప్పేవాడు కదరా."

"సారు ఒద్దన్నడు. కండ్లు తెరిచి మొదలు అన్న మాట అదే, మీ వదినకు చెప్పకని. ఎందుకో నాకు గుడ తెల్వదు. గా దినం రాళ్లేసినోళ్లల్ల ఇద్దర్ని పట్టుకున్నరు అక్క. ఇంకెవరున్నరని అడుగుతున్నరు. అందుకనే పోచంపల్లి పోయిన. ఆడ ఉండబుద్ధి కాలె, సారు ఎట్లున్నడో అని ఒచ్చిన. నేనే తీస్కపోత దవాఖానకు. ఏమైతె అదైతది."

ఆమె ఉత్తరం మడిచింది. దానికి జవాబు రాయాల్సిన పని తీరిపోయింది. పదకొండు ప్రశ్నల్లో అయిదింటికే జవాబు రాసిన కాగితం గదిలో నేల మీదే ఉండిపోయింది.

గంగాధరరావు మెలకువగా ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. తలుపు వెయ్యి అన్నాడు.

ఆసుపత్రికి బయల్దేరాలని ఆమె చెప్పింది. సైకిలు మీంచి పడ్డారనే చెబుదామంది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. సైకిలు మీంచి పడితే చెవి వెనక ఎందుకు తగులుతుందని, ఆంధ్రా గుమాస్తా తల పగిలి వచ్చాడంటే పోలీసులు పుస్తకం పట్టుకుని మంచం దగ్గరే కూర్చుంటారని అన్నాడు.

"మీరు చెప్పకండి. నోరు మూసుకుని పడుకోండి."

"నా నోరు నా చేతిలో ఉందా నాగూ?" అన్నాడు ఆయన. "మత్తిస్తారు. నిద్రలో ఏం వాగుతానో నాకే తెలీదు. నువ్వే రాశావుగా, ఏదో తలుచుకుంటున్నానని."

ఆమె మంచం అంచున కూర్చుంది. ఇన్నాళ్లు ఆయన ఆసుపత్రి అంటే భయపడ్డాడనుకుంది. చావంటే భయమనుకుంది. తన నాలుకంటేనే ఆయనకి భయమని ఇప్పుడు తెలిసింది.

"వాడి కోసం చచ్చిపోతారా? వాడు మీకేమవుతాడు?"

"మంచితనం అనుకోకు," అన్నాడు ఆయన. "సగం భయమే. వాడి పేరు చెప్పి ఈ గల్లీలో ఒక్క పూట ఉండగలమా? బ్రహ్మం వెళ్లగొట్టకపోవచ్చు. మనమే ఆ ముఖాలు చూడలేం. జనవరిలో నేను ఆఫీసులో లెడ్జర్లు రాసుకుంటున్నాను. నీ పక్కన కూర్చుంది ఆవిడ. ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్లాడు వాడు. మిగతా సగం అది."

నాగేశ్వరికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. భార్య ప్రాణం పోస్తున్నారా తీస్తున్నారా అని అడగాలనుకుంది. తన ఋణం తనకి చెప్పకుండా, తనని అడగకుండా ఈ మనిషి తలతో తీరుస్తున్నాడు. ఆ ఋణం కాదనడానికీ లేదు. ఎటు తిరిగినా గోడే.

"మత్తులో అన్న మాటలు ఎవరూ రాసుకోరు," అంది. నిజమో కాదో ఆమెకి తెలీదు. "నేను పక్కనే ఉంటాను. మీ నోటికి నా చెయ్యి అడ్డం పెడతాను. లేవండి."

ఆయన లేవబోయాడు. ఎడమ కాలు కింద పెట్టాడు. కుడి కాలు మంచం మీదే ఉండిపోయింది. దాని వంక ఇద్దరూ చూశారు. ఆయన చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించబోయాడు, దించలేకపోయాడు. అప్పుడు ఆయన ముఖంలో పట్టుదలంతా ఒక్కసారిగా సడలిపోయింది.

"సరే తీసుకెళ్లు," అన్నాడు. "హరి మాత్రం రాకూడదు."

కౌసల్య కేకేస్తే రిక్షా అంతయ్య వచ్చాడు. గంగాధరరావుని మంచం మీంచి రెండు చేతుల మీద ఎత్తుకుని రిక్షాలో కూర్చోబెట్టింది హరిప్రసాదే. ఆయన వాడి వంక చూడలేదు. వాడు రిక్షా కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. కౌసల్య వాణ్ణి కూడా రమ్మంది, ఇద్దరాడవాళ్లం మనిషిని ఎట్లా దించుతామంది. వద్దని నాగేశ్వరి అంది. ఎందుకని అడిగితే, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అంది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమైంది.

మలక్‌పేట దాటే దాకా దారంతా సగం తెరిచిన దుకాణాలు, తొందరతొందరగా సంచులతో పోతున్న జనం. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడటం లేదు. రిక్షాలో మధ్యన గంగాధరరావు. ఆయన తల కౌసల్య భుజం మీద వాలింది. ఆమె కొంగుతో ఆయన నోటి చొంగ తుడిచి, ఇంక జరసేపే సారూ, ఓపిక పట్టు అంటూ వచ్చింది. నాగేశ్వరి ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చుంది. పెదవులు కదిలినప్పుడల్లా ఆమె చెయ్యి పైకి లేచింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఒకతను ఆయన కనురెప్పలు ఎత్తి లైటు వేసి చూశాడు. అరికాలు గీసి చూశాడు. తర్వాత నాగేశ్వరిని అడిగినవి శ్రీరామమూర్తిగారు అడిగినవే, అదే వరస. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, చెవిలోంచా, ముక్కులోంచా. ఆమె తడుముకోకుండా చెప్పింది. అర్ధగంట, ఎడమ చెవి. అతను పరుగులాంటి నడకతో పోయి ఒక పెద్ద డాక్టరుని తీసుకొచ్చాడు.

పెద్ద డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. లోపల నెత్తురు గడ్డకట్టిందని, పుర్రెకి చిల్లు పెట్టి తియ్యాలని, ఇవాళే తియ్యాలని చెప్పాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే తన దాకా తేవాల్సిన పని ఉండేది కాదన్నాడు. ఎవరు పంపారని అడిగాడు. బందరు డాక్టరుగారు, ఉత్తరం రాశారని ఆమె చెప్పింది. ఆయన ఆ ఉత్తరం అడిగి తీసుకుని ఆరో ప్రశ్న చదివి, తల ఊపి తిరిగి ఇచ్చాడు. ఆమె కాగితం మీద సంతకం పెట్టింది.

చక్రాల బల్ల మీద ఆయన్ని తోసుకుపోతుంటే ఆమె వెంట నడిచింది. పక్కనే ఉంటానని మాటిచ్చింది. తలుపు దగ్గర నర్సు ఆపేసింది. లోపలికి ఎవరూ రాకూడదంది. గంగాధరరావు కళ్లు తెరిచి ఆమెను వెతుక్కుంటుండగానే తలుపు మూసుకుంది.

ఆమె తిరిగేసరికి వరండాలో పుస్తకం పట్టుకుని ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. నడివయసువాడు, కసిరేరకం కాదు. తల దెబ్బ కేసంటే పుస్తకంలో ఎక్కాలమ్మా, నాలుగు ముక్కలు చెప్పి పో అన్నాడు. బెంచీ చూపించాడు. కౌసల్య ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

పేరు, ఊరు, ఉద్యోగం రాసుకున్నాడు. ఎలా తగిలిందని అడిగాడు. సైకిలు మీంచి పడ్డారని నాగేశ్వరి చెప్పింది. ఎక్కడన్నాడు. మూసారాంబాగ్ దగ్గర. ఏ దినమన్నాడు. ఆమె తేదీ చెప్పింది. అతను కలం ఆపి ఆమె వంక చూశాడు.

"సైకిల్ మీదికెళ్లి పడితె ఎన్క ఎట్ల తగుల్తదమ్మా? రాయి దెబ్బ ఉన్నట్టుంది అంటున్నరు డాక్టర్లు."

తనకి తెలీదని, ఇంటికి తెచ్చాకే చూశానని ఆమె అంది. తన యాస ఆ వరండాలో ఎంత విడిగా వినబడుతోందో ఆమెకే తెలుస్తోంది.

"భయపడకు చెల్లె," అంది కౌసల్య. "ఎవడు కొట్టిండో తెలిస్తె చెప్పు. మా గల్లీ పోరడైనా సరె. మనిషిని గిట్ల చేసినోన్ని ఊకె ఇడుస్తమా? సాక్ష్యం కావాల్నంటె నేనిస్త."

నాగేశ్వరి ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. ఊరుకోమని నొక్కింది. కౌసల్యకది ధైర్యం అడుగుతున్నట్టు తోచింది. ఇంకా దగ్గరికి జరిగింది.

పోలీసు విసుక్కోలేదు. పోనీ, పడ్డప్పుడు మొదట లేపిందెవరు, ఇంటికి తెచ్చిందెవరు, వాళ్లను అడిగితే తెలుస్తుంది కదా అన్నాడు.

దారిన పోయే ఎవరో, అని నాగేశ్వరి మొదలుపెట్టింది.

"ఎవరో ఏంది చెల్లె, పరేషాన్ల మర్సిపోయినవా?" అంది కౌసల్య. పోలీసు వైపు తిరిగింది. ఆమె ముఖంలో పొద్దుటి నుంచి లేని వెలుగు వచ్చింది. "మా మరిది తెచ్చిండు సారూ. సొంత అన్న లెక్క రిక్షాల ఏస్కొని ఇంటికి తెచ్చిండు. హరిప్రసాద్."

అతను పేరు రాసుకున్నాడు. రాసి, పుస్తకం రెండు మూడు పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక చోట వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. మళ్లీ ముందుకు వచ్చి కలం మూత పెట్టాడు.

"ఇప్పుడు యాడున్నడమ్మా మీ మరిది?"

"ఇంట్లనే ఉన్నడు సారూ," అంది కౌసల్య. "పిలిపియ్యాల్నా?"